బీపీ చివరికి పడుతుంది: పొట్ట ఆపరేషన్ తర్వాత తొలి రాత్రి

పొట్ట తెరిచి చేసిన పెద్ద ఆపరేషన్ తర్వాత రోగి రికవరీ గది దాటి వార్డుకు చేరేసరికి చాలాసార్లు సాయంత్రమవుతుంది. రాత్రి షిఫ్ట్ మారే వేళకు కేస్‌షీట్‌లో ‘వైటల్స్ స్టేబుల్’ (నాడి, బీపీ, ఊపిరి లాంటివి నిలకడగా ఉన్నాయి) అని రాసి ఉంటుంది. ఆ రెండు మాటల వెనక తరచు ఉండేది ఒక్క బీపీ అంకె. 120/80 కనబడగానే ఇంటివాళ్ళు కుదుటపడతారు, డ్యూటీ డాక్టరు పక్క బెడ్‌కు కదులుతారు, నర్సు మిగతా పనుల్లో పడుతుంది. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. లోపల రక్తం కారుతున్నా, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకుతున్నా బీపీ చాలాసేపు మామూలుగానే నిలబడి ఉంటుంది. ముందు మారేవి ఊపిరి, నాడి. తర్వాత మూత్రం తగ్గుతుంది. బీపీ పడేది వాటన్నిటి తర్వాతే.

దీనికి కారణం శరీరం చేసే సర్దుబాటు. 60 కిలోల మనిషి ఒంట్లో కిలోకు 70 మి.లీ. చొప్పున సుమారు 4,200 మి.లీ. రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే 600 మి.లీ. పైచిలుకు పోయినా పైకి పెద్దగా తేడా తెలియదు. 15 నుంచి 30 శాతం మధ్య నిమిషానికి నాడి 100 దాటుతుంది, ఊపిరి 20 దాటుతుంది, చేతులూ పాదాలూ చల్లబడతాయి. రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల పై బీపీ మాత్రం నిలుస్తుంది. కింది బీపీ కాస్త పెరుగుతుంది కూడా. పై బీపీ స్పష్టంగా పడటం 30 శాతం దాటాక, అంటే ఈ మనిషికి లీటరుంబావు రక్తం పోయాక. అప్పటిదాకా ‘బీపీ బాగుంది’ అనుకుంటూ కూర్చుంటే చేతిలో ఉన్న సమయమంతా అయిపోయినట్టే.

ఊపిరి ఎందుకు పెరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. కణాలకు ఆక్సిజన్ చాలకపోతే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని సరిచేసుకోవడానికి శరీరం కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బయటికి పంపుతుంది, అందుకోసం ఊపిరి వేగం పెంచుతుంది. రక్తస్రావమైనా, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకే సెప్సిస్ అయినా ఇదే దారి. ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయినా, కాలి సిరలో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరినా ఊపిరి వేగమే పెరుగుతుంది. కారణం ఏదన్నది తేల్చే పని డాక్టరుది. పెరిగిందన్న సంగతి ముందు పట్టుకోవలసింది మంచం పక్కనున్న నర్సు.

ఒక చార్టు ఎలా చదవాలి

ఒక ఊహాచిత్రం తీసుకుందాం. 55 ఏళ్ళ మగమనిషి, 60 కిలోలు, పెద్దపేగులో కొంత భాగం తీసేశారు, సాయంత్రం నాలుగింటికి వార్డుకు వచ్చాడు. రూమ్ ఎయిర్ మీద ఉన్నాడు, అంటే ఆక్సిజన్ పెట్టలేదు, జ్వరం లేదు.

సాయంత్రం 6: పల్స్ 84, బీపీ 128/76, ఊపిరి 16, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ స్థాయి, శాతంలో) 98, గంటకు మూత్రం 50 మి.లీ.
రాత్రి 8: పల్స్ 96, బీపీ 124/82, ఊపిరి 20, సాచురేషన్ 97, మూత్రం 35 మి.లీ.
రాత్రి 10: పల్స్ 108, బీపీ 118/88, ఊపిరి 24, సాచురేషన్ 95, మూత్రం 20 మి.లీ.
రాత్రి 12: పల్స్ 124, బీపీ 104/80, ఊపిరి 28, సాచురేషన్ 93, మూత్రం 10 మి.లీ., రోగి స్థిమితంగా లేడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు.

పది గంటల బీపీని ఒక్కదాన్నే చూస్తే ఎవరికీ భయం కలగదు. కానీ పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా చూడండి: 52, 42, 30, చివరికి 24. ఈ తేడా దగ్గరపడటం రక్తనాళాలు బిగుసుకుంటున్నాయనడానికి గుర్తు. పల్స్‌ని పై బీపీతో భాగిస్తే వచ్చే అంకె ఆరోగ్యవంతుల్లో 0.5 నుంచి 0.7 దాకా ఉంటుంది. ఇక్కడ ఆరింటికి 0.66, పదింటికి 0.92. అంకె 0.9 దాటిందంటే చూస్తూ ఊరుకోకూడదు. అర్ధరాత్రి అయ్యేసరికి 1.19.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 అనే స్కోరు ఇలాంటి మార్పులను అంకెల్లో పెడుతుంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో పనికి వెళ్ళే మన నర్సులకు ఇది రోజూ తగిలేదే. ఊపిరి 12–20 ఉంటే సున్నా, 21–24 ఉంటే 2, 25 లేదా పైన ఉంటే 3, 8 లేదా అంతకంటే తక్కువైనా 3. పల్స్ 91–110కి 1, 111–130కి 2, ఆపైన 3. పై బీపీ 101–110కి 1, 91–100కి 2, 90 లేదా కిందికి 3. సాచురేషన్ 94–95కి 1, 92–93కి 2, 91 లేదా కిందికి 3. రోగి ఆక్సిజన్ మీద ఉంటే దానికే 2. కొత్తగా తికమక పడుతుంటే 3. జ్వరానికీ, ఒళ్ళు చల్లబడటానికీ వేరే అంకెలున్నాయి. మొత్తం 5 వస్తే డాక్టరు వెంటనే చూడాలి, 7 లేదా పైన వస్తే అత్యవసరం. ఏ ఒక్కదానికే 3 వచ్చినా కనీసం గంటకోసారి చూడాలి.

మన రోగికి ఈ లెక్కన ఆరింటికి 0, ఎనిమిదింటికి 1, పదింటికి 4, పన్నెండింటికి 11. పదింటి 4ని పట్టుకుని స్కోరు ప్రకారమే పోతే ‘4–6 గంటలకోసారి చూస్తే చాలు’ అనే వరసలో పడతాడు. స్కోరు మీద గుడ్డి నమ్మకం పనికిరాదనేది అందుకే. అది మూత్రాన్ని లెక్కలోకి తీసుకోదు. గత నాలుగు గంటల్లో అంకెలు ఏ వైపు నడిచాయో దానికి తెలియదు. పల్స్ 24 పెరిగింది, ఊపిరి ఒకటిన్నర రెట్లయింది, మూత్రం సగానికంటే తగ్గింది. ఫోన్ చేయాల్సిన సమయం పదింటికే. పదింటి ఊపిరిని లెక్కపెట్టకుండా పాత 20నే మళ్ళీ రాసి ఉంటే స్కోరు 2 దగ్గరే ఆగిపోయేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

చార్టుల్లో అందరి ఊపిరీ 20 ఎందుకు?

వార్డు చార్టులు వరసగా తిరగేస్తే ఊపిరి గడిలో 16, 20, మళ్ళీ 20 కనబడతాయి. 17, 19, 22 అరుదు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే వచ్చేవి 16, 20, 24 మాత్రమే. ఒక్క ఊపిరి లెక్క తప్పితే నాలుగు తేడా వస్తుంది. 18కీ 22కీ మధ్య తేడాయే మొదటి హెచ్చరిక అయినప్పుడు ఈ పద్ధతి ఆ హెచ్చరికనే చెరిపేస్తుంది. పైగా చాలా గడులు లెక్కపెట్టకుండానే నిండుతాయి. బీపీ, పల్స్, సాచురేషన్ మానిటరు చూపిస్తుంది. ఊపిరికి మాత్రం గడియారం ముందు పెట్టుకుని ఒక నిమిషం నిలబడాలి.

లెక్క పూర్తిగా 60 సెకన్లు పెట్టాలి. రోగికి ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నాను’ అని చెబితే తెలియకుండానే ఊపిరి మారుస్తాడు. అందుకే నాడి చూసిన తర్వాత మణికట్టు వదలకుండా అలాగే పట్టుకుని, చూపు ఛాతీ మీదికి మార్చి లెక్కపెట్టాలి. దుప్పటి మందంగా ఉంటే కదలిక తెలియదు. రెండో చేతిని పొట్ట పైభాగాన, కుట్లకు దూరంగా, తేలిగ్గా ఆనిస్తే తెలుస్తుంది. అంకెతోపాటు తీరు కూడా చూడాలి: మెడ కండరాలు లాగుతున్నాయా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, ఒక్క వాక్యం ఆపకుండా చెప్పగలుగుతున్నాడా.

ఇక్కడ సిబ్బంది సంగతి మాట్లాడకుండా నర్సును తప్పుపట్టడం అన్యాయం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు. రాత్రిపూట ముప్పై మంచాలకు ఒక్కరే ఉన్న వార్డులో ఒక్కొక్కరికీ నిమిషం చొప్పున ఊపిరి లెక్కకే అరగంట. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగులను పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగేకొద్దీ 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువైందని తేలింది. ఊపిరి గడి కాపీ అంకెలతో నిండటానికి మొదటి కారణం బద్ధకం కాదు, చేతుల కొరత.

మనుషులు పెరిగేదాకా ఉన్న నిమిషాలను ఎక్కడ పెట్టాలో ఎంచుకోవాలి. ఆపరేషన్ అయి 24 గంటలు నిండనివారు, ఆక్సిజన్ మీద ఉన్నవారు, గత నాలుగు గంటల్లో నొప్పికి ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి మందు) ఇంజెక్షన్ తీసుకున్నవారు, 65 దాటినవారు, పల్స్ 90 దాటినవారు: వీళ్ళకు పూర్తి నిమిషం తప్పదు. ముప్పై మందిలో వీళ్ళు ఏడెనిమిది మంది ఉండొచ్చు. రేపు డిశ్చార్జి కాబోయే హెర్నియా రోగి దగ్గర ఆ నిమిషం మిగుల్చుకోవచ్చు.

ఊపిరి తగ్గడం ఇంకో ప్రమాదం

మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్, మన వార్డుల్లో ఇప్పటికీ నడిచే ఫోర్ట్‌విన్-ఫెనర్గాన్ జంట, ఇవన్నీ మత్తు తెస్తాయి. ఊపిరి మందగించడానికి ముందే మత్తు పెరుగుతుంది. పిలిస్తే కళ్ళు తెరిచి జవాబిస్తే పరవాలేదు. జవాబు చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోతుంటే తర్వాతి డోసు ఆపి డాక్టరుకు చెప్పాలి, ఊపిరి ఇంకా 12 ఉన్నా సరే. ‘పాపం, ఇప్పుడే నిద్రపట్టింది, లేపొద్దు’ అని ఇంటివాళ్ళు ప్రేమతో అంటారు. తొలి రాత్రి ఆ మాట వినకూడదు. గట్టిగా గురకపెట్టేవారు, కిడ్నీలు సరిగా పనిచేయనివారు, వయసు మళ్ళినవారు, మిడజోలం లాంటి నిద్రమందు కూడా తీసుకున్నవారు మరింత జాగ్రత్తగా చూడాల్సినవారు.

ఆక్సిజన్ పెట్టి ఉంటే సాచురేషన్ 98 చూసి మోసపోకూడదు. మాస్క్ ద్వారా ఆక్సిజన్ అందుతున్నంతసేపు ఊపిరి 8కి పడిపోయినా సాచురేషన్ బాగానే కనబడవచ్చు, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పేరుకుంటూ ఉంటుంది. ఊపిరి 8 లేదా తక్కువైతే, లేపినా లేవకపోతే ఈ మందులకు విరుగుడైన నాలోక్సోన్ కావాలి. 400 మైక్రోగ్రాముల ఆంప్యూల్‌ను సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే ఒక్కో మి.లీ.లో 40 మైక్రోగ్రాములుంటాయి. డాక్టరు ఆదేశంతో 1–2 మి.లీ. చొప్పున, రెండు మూడు నిమిషాలకోసారి, ఊపిరి కుదుటపడేదాకా ఇస్తారు. ఆంప్యూల్ మొత్తం ఒక్కసారే తోస్తే నొప్పి ఒక్క ఉదుటున తిరిగొచ్చి, బీపీ పెరిగి, రోగి విలవిల్లాడిపోతాడు. నాలోక్సోన్ ప్రభావం మార్ఫిన్ కంటే ముందే తగ్గిపోతుంది కనుక గంట తర్వాత మళ్ళీ మత్తులోకి జారవచ్చు. లేచి మాట్లాడాడని అక్కణ్ణుంచి కదలకూడదు.

ఇంతా చదివి నొప్పి మందు ఆపేద్దామనుకోవడం మరో తప్పు. నొప్పితో ఉన్నవాడు లోతుగా ఊపిరి పీల్చడు, దగ్గడు. ఊపిరితిత్తుల అడుగు ముడుచుకుని, కఫం నిలిచి, మూడో రోజుకు న్యుమోనియా కావచ్చు. నొప్పిని పడుకున్నప్పుడు కాదు, దగ్గించి అడగాలి. దగ్గేటప్పుడు చిన్న దిండును కుట్ల మీద రెండు చేతులా అదిమి పట్టుకోమనాలి. మూడు బంతుల స్పైరోమీటరు మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు, బంతి లేచాక మూడు సెకన్లు నిలిపి. చాలామంది దాన్ని బూరలా ఊదుతారు. పీల్చాలని ఆపరేషన్‌కు ముందురోజే చేయించి చూపిస్తే ఆ పొరపాటు ఉండదు.

మూత్రం, డ్రెయిన్, పక్క కింద

మూత్రం గంటకు కిలోకు అర మి.లీ. తగ్గకూడదు. 60 కిలోల మనిషికి 30 మి.లీ. యూరోబ్యాగ్ మీది గీతలతో గంటలెక్క కుదరదు, వంద మి.లీ. లోపు కంటి అంచనా తప్పుతుంది. గంటలెక్కకు చిన్న కొలచాంబరున్న యూరోమీటరు కావాలి, లేకపోతే గంటకోసారి కొలగ్లాసులోకి వంచి కొలవాలి. మూత్రం ఒక్కసారిగా ఆగిపోతే ముందు ట్యూబు చూడాలి: రోగి తొడ కింద నలిగిందా, మడతపడిందా, బ్యాగు మంచం మీదికెక్కిందా. తర్వాత పొత్తికడుపు నొక్కి చూడాలి. మూత్రాశయం నిండుగా తగిలితే కాథెటర్ (మూత్రం ట్యూబు) మూసుకుపోయింది. ఖాళీగా ఉండి, గంటగంటకూ మూత్రం తగ్గుతూ రంగు చిక్కబడితే కిడ్నీకి రక్తం చాలడం లేదు. ఇలాంటప్పుడు ‘సెలైన్ స్పీడు పెంచాం’ అని రాసి ఊరుకోవడం కంటే ఎందుకు తగ్గిందో అడగడం ముఖ్యం.

డ్రెయిన్‌లో, అంటే పొట్టలోంచి ద్రవాన్ని బయటికి తెచ్చే ట్యూబులో, గంటకు 100 మి.లీ. పైన తాజా ఎర్రటి రక్తం వస్తే ఎవరైనా పరిగెత్తుతారు. ఏమీ రాకపోతే ఎవరూ కంగారుపడరు. నిజానికి గడ్డకట్టిన రక్తంతో డ్రెయిన్ మూసుకుపోయినప్పుడు పొట్టలో లీటరు రక్తమున్నా బాటిల్‌లోకి చుక్క రాదు. డ్రెయిన్ ఖాళీగా ఉందంటే లోపల రక్తస్రావం లేదని కాదు. పొట్ట బిగుతెక్కిందా, భుజం పైన నొప్పి అంటున్నాడా, పల్స్ ఏ వైపు నడుస్తోంది అన్నవి కలిపి చూడాలి. డ్రెసింగ్ తడిస్తే మరక చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాయాలి, అరగంటకు గీత దాటిందో లేదో తెలిసిపోతుంది. రక్తం పల్లానికి పోతుంది. పైన డ్రెసింగ్ పొడిగా ఉండి నడుం కింద దుప్పటి తడిసి ఉండొచ్చు, అందుకే చేయి పెట్టి చూడాలి. తడిసిన ప్యాడ్లను తూచి పొడి ప్యాడ్ బరువు తీసేస్తే, ఒక గ్రాము ఒక మి.లీ. చొప్పున నష్టం లెక్క వస్తుంది.

అంకెలు అబద్ధం చెప్పే రోగులు

బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారి పల్స్ అంతగా పెరగదు. లీటరు రక్తం పోయినా 88 దగ్గరే ఉండొచ్చు. వాళ్ళ విషయంలో ఊపిరీ మూత్రమూ ఆధారం. ఏళ్ళ తరబడి 160/95తో తిరిగిన పెద్దాయనకు 112/70 ‘నార్మల్’ కాదు, అది ఆయన పాలిట బీపీ పడిపోవడమే. న్యూస్-2 ఆ 112కి సున్నా వేస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు బీపీ ఎంతో చార్టు పైభాగాన ఎర్ర సిరాతో రాసి ఉంచడం మంచిది. ముసలివాళ్ళకు సెప్సిస్‌లో జ్వరం రాకపోవచ్చు, 36 కంటే తక్కువ కూడా ఉండొచ్చు. షుగరు రోగి ఉన్నట్టుండి చెమటలు పట్టి తికమకపడితే రక్తస్రావం గురించి ఆలోచించేముందు జీఆర్‌బీఎస్ (వేలి నుంచి చుక్క తీసి చూసే రక్తంలో షుగరు) చూడాలి. 70 కంటే తక్కువుండి నోటితో ఏమీ ఇవ్వకూడని స్థితిలో ఉంటే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఎక్కిస్తారు, పావుగంటకు మళ్ళీ చూస్తారు.

ఇంకొక సాక్ష్యం ఏ చార్టులోనూ ఉండదు. ‘మా ఆయన మామూలుగా ఇలా మాట్లాడడమ్మా’ అని భార్య అంటే, అది కొత్తగా వచ్చిన తికమక. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషిలో మార్పు ఆమెకు తెలిసినంతగా మానిటరుకు తెలియదు. ఇంగ్లండ్‌లో 2024 నుంచి మార్తాస్ రూల్ పేరుతో, రోగి పరిస్థితి దిగజారుతోందని కుటుంబం భావిస్తే వేరే వైద్య బృందాన్ని నేరుగా పిలిపించుకునే ఏర్పాటు మొదలైంది. మన వార్డుల్లో దానికి సమానమైన ఏర్పాటు రావాలి. అందాకా నర్సు ఆ మాటను కొట్టిపారేయకుండా ఊపిరి మళ్ళీ లెక్కపెట్టి చూడటం చేయగలిగినది.

ఫోన్‌లో ఏం చెప్పాలి, డాక్టరు వచ్చేలోగా ఏం చేయాలి

‘సార్, పన్నెండో బెడ్ పేషెంటు బాలేడు’ అంటే నిద్రలో ఉన్న డాక్టరు ‘బీపీ ఎంత?’ అని అడిగి, 118 అనగానే ‘సరే, చూస్తూ ఉండండి’ అంటారు. ఆ సంభాషణ అలా నడవకుండా ఉండాలంటే మొదటి అరనిమిషంలోనే మొత్తం చెప్పాలి:

‘సార్, మేల్ సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. పన్నెండో బెడ్, ఈ మధ్యాహ్నం పెద్దపేగు ఆపరేషన్ అయిన పేషెంటు. ఆరింటి నుంచి పల్స్ 84 నుంచి 108కి పెరిగింది. ఊపిరి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను, 24 ఉంది, ఆరింటికి 16. యూరిన్ గంటకు 50 నుంచి 20కి తగ్గింది, ట్యూబు బాగానే ఉంది. బీపీ 118/88. డ్రెయిన్‌లో 40 ఎమ్మెల్ మాత్రమే ఉంది గానీ పొట్ట ముందుకంటే బిగుతుగా ఉంది. లోపల బ్లీడింగేమోనని అనుమానంగా ఉంది సార్. మీరు వచ్చి చూడాలి. ఈలోగా శాంపిల్స్ తీసి క్రాస్ మ్యాచ్‌కి పంపమంటారా?’

ఫోన్ చేసిన టైము, చెప్పిన అంకెలు, వచ్చిన జవాబు కేస్‌షీట్‌లో రాయాలి. పావుగంటలో ఎవరూ రాకపోతే పైవారికి చేయాలి. ఆ నంబరు నర్సింగ్ స్టేషన్ గోడ మీద ఉండాలి, వెతుక్కునేలా ఉండకూడదు.

డాక్టరు వచ్చేలోగా రోగిని చదునుగా పడుకోబెట్టి, రిజర్వాయర్ మాస్క్‌తో (సంచి ఉన్న మాస్క్) నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టాలి. నోటికి నీళ్ళు కూడా ఇవ్వకూడదు, మళ్ళీ థియేటర్‌కు వెళ్ళాల్సి రావచ్చు. చేతి సిరలో ఉన్న గులాబీ రంగు క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) సరిపోదు. ఆకుపచ్చది, అంటే 18 గేజ్, లేదా బూడిద రంగు 16 గేజ్ రెండు చేతులకూ ఒక్కొక్కటి పెట్టాలి. సిరలు ఇంకా దొరుకుతున్నప్పుడే పెట్టాలి, బీపీ పడ్డాక అవి కూడా ముడుచుకుపోతాయి. రింగర్ లాక్టేట్ సీసాలు తగిలించి సిద్ధంగా ఉంచాలి. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచాలి, ఒళ్ళు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. స్థిమితం లేకుండా కదులుతున్నాడని నిద్రమందు ఇవ్వకూడదు, ఆ కదలిక మెదడుకు ఆక్సిజన్ చాలకపోవడం కావచ్చు.

క్యాన్యులా పెట్టేటప్పుడే గ్రూపింగ్‌కూ, క్రాస్ మ్యాచ్‌కూ (ఎక్కించే రక్తం రోగికి సరిపడుతుందో చూసే పరీక్ష), హీమోగ్లోబిన్‌కూ శాంపిల్స్ తీయొచ్చు. ట్యూబు మీద పేరు మంచం దగ్గరే, రోగి చేతిపట్టీ చూసి రాయాలి, స్టేషన్‌కు తీసుకెళ్ళాక కాదు. హీమోగ్లోబిన్ 11.5 వచ్చిందని ల్యాబ్ నుంచి కబురొస్తే ఊపిరి పీల్చుకోకూడదు. రక్తం కారేటప్పుడు కణాలూ ప్లాస్మా కలిసే పోతాయి, మిగిలిన రక్తం చిక్కదనం అప్పటికి అంతే ఉంటుంది. సెలైన్లు ఎక్కి, కణజాలంలోని నీరు నాళాల్లోకి చేరి పలచబడ్డాకే ఆ అంకె పడుతుంది, అందుకు గంటలు పడుతుంది. అందుకే హీమోగ్లోబిన్ పక్కన శాంపిల్ తీసిన టైము, అప్పటికి ఎన్ని మి.లీ. సెలైన్ వెళ్ళింది కూడా రాసి పెట్టాలి. రెండో శాంపిల్ వచ్చినప్పుడు సర్జన్ పోల్చి చూసేది ఆ రాతనే.